పటం మూలన చెవి గాట్లు

సెప్టెంబరు వచ్చింది, కొండల మీది గొర్రెలు దిగాయి. ఐస్‌లాండ్ ఉత్తరాన ఆ లోయలో పదిహేడు ఇళ్ల గొర్రెలు రాతి దొడ్డిలో కలగలిసి అరుస్తున్నాయి. ఎవరివి వారు చెవుల మీద కోసిన గాట్లు చూసి గుర్తుపట్టి, కొమ్ములు పట్టి ఈడ్చుకుపోయి తమ దొడ్లోకి తోసుకుంటున్నారు.

కోల్బేన్ ఒక పొట్టేలుతో పెనుగులాడుతుండగా హ్యాల్తీ వచ్చాడు. అక్కడ పన్నెండేళ్లు బడిపంతులుగా చేసి, రెండేళ్ల కిందట రాజధానికి వెళ్లిపోయినవాడు. చంకలో లావుపాటి పుస్తకం.

"అచ్చయిందిరా! మొదటి ప్రతి నీకే తెచ్చాను."

కోల్బేన్ చేతులు చొక్కాకు తుడుచుకుని అందుకున్నాడు. అట్ట మీద మంచు పట్టిన ఓడ, దాని కింద హ్యాల్తీ పేరు. తెరిస్తే పటం. తను గీసిన పటమే.

పన్నెండేళ్లు ప్రతి ఆదివారం మధ్యాహ్నం కోల్బేన్ వంటింటి బల్ల దగ్గర ఆట సాగేది. కోల్బేన్ ఒక ఊహాలోకాన్ని కథగా చెప్పేవాడు. హ్యాల్తీ, కోల్బేన్ చెల్లెలు గ్రోవా ఆ లోకంలో మనుషులై తిరిగేవారు. బతుకూ చావూ పాచికలు తేల్చేవి. చచ్చిన దేవుళ్ల పడవలు గడ్డకట్టిన సముద్రం, మాట తప్పినవాడి పొయ్యి రాజుకోని ఊరు, ఇవన్నీ అతను చలికాలంలో గొర్రెలకు గడ్డి వేస్తూ అల్లుకున్నవి. పద్నాలుగు నోటుపుస్తకాలు నిండాయి. నలుగురిలో నోరు పెగలని మనిషి ఆ బల్ల దగ్గర మాత్రం గలగలా మాట్లాడేవాడు. హ్యాల్తీ వెళ్లిపోయాక అన్నాచెల్లెళ్లే ఆట సాగించారు, కథలో అతని పాత్రను మాత్రం కోల్బేన్ చంపలేదు. తిరిగొస్తాడు కదా అని ఓడలో నిద్రపుచ్చి ఉంచాడు.

తన పేరు లోపలెక్కడో ఉంటుంది, ఉండకేం అనుకుంటూ పేజీలు తిప్పాడు. చివర్న కృతజ్ఞతలు: ఓపికగా ఆడిన గ్రోవాకు, ఊహలిచ్చిన ఉత్తరపు లోయకు.

"నా పేరేదిరా?"

"లోయ అన్నానుగా. లోయంటే నువ్వు కాదట్రా? నీ రాతలు ఉన్నవి ఉన్నట్టు వేస్తే ఎవడు కొంటాడు! రెండేళ్లు కూర్చుని నేను చక్కబెడితే ఈ రూపానికి వచ్చింది."

"నోటుపుస్తకాలు నా అలమరలోనే ఉన్నాయి. నీకెలా అందాయి?"

హ్యాల్తీ కళ్లు ఒక్క క్షణం కోల్బేన్ దొడ్డి తలుపు పట్టుకుని నిలబడ్డ గ్రోవా మీదికి పోయి వచ్చాయి. కోల్బేన్ అది చూశాడు.

పక్కింటి ఒడ్డుర్ తాత కోల్బేన్ భుజం మీంచి తొంగి చూశాడు. ఎనభై దాటినవాడు. అక్షరాలకి అద్దాలు కావాలి గానీ గొర్రె చెవులకి అక్కర్లేదు.

"ఇదేంట్రా, నీ గొర్రె ఇందులోకి ఎక్కింది?" పటం మూలనున్న గుర్తు మీద వేలు పెట్టాడు.

హ్యాల్తీ నవ్వాడు. "గొర్రె కాదు తాతా, పాతకాలపు అక్షరం. చావు అక్షరం. దాని మీద ఒక పేజీ రాశాను."

తాత దగ్గర్లో ఉన్న గొర్రెను కొమ్ము పట్టి లాగి, తల పైకెత్తాడు. కుడి చెవి కొన కోసి ఉంది. ఎడమ చెవి వెనక రెండు గాట్లు. పటం మీద ఉన్నవీ అవే.

"వీళ్ల తాతల నాటి గుర్తయ్యా ఇది! గొర్రెల దొంగ కూడా చెవి మళ్లీ కోసి గుర్తు మార్చుకుంటాడు. ఆ మాత్రం కష్టమైనా పడలేదేం పంతులూ?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. హ్యాల్తీ మొహం కందగడ్డయింది. కోల్బేన్‌కు నవ్వు రాలేదు. పన్నెండు వసంతాలు ఈ మనిషి తన పక్కన పీట వేసుకుని గొర్రెపిల్లల్ని ఒళ్లో పట్టుకున్నాడు. తను కత్తితో గాట్లు పెడుతుంటే నెత్తురు అతని పంట్లాం మీదే పడేది. ఎన్ని వందల చెవులు! ఒక్కదాన్నీ చూడలేదన్నమాట.

గ్రోవా దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, నేనే ఫొటోలు తీసి పంపాను. నువ్వెలాగూ అచ్చు వేయించవు, అలమరలో ఎలకల పాలవుతాయని... నీ పేరు వేస్తానన్నాడు."

"ఎప్పుడు తీశావు?"

"అతను వెళ్లిన ఏడు చలికాలం. ఆదివారాలు, నువ్వు కొట్టంలోకి వెళ్లినప్పుడు."

"మళ్లీ వచ్చి ఆటకి కూర్చునేదానివి."



కోల్బేన్ పుస్తకం చంకలో పెట్టుకుని తన దొడ్డి వైపు నడిచాడు.

"కానుకరా అది, సంతకం పెట్టి ఇస్తాను, ఇటివ్వు," అన్నాడు హ్యాల్తీ వెనక నుంచి.

"కానుకేంటి. గుర్తు నాది."

గ్రోవా ముందు పరుగెత్తి తలుపు తీసి పట్టుకుంది, ఎప్పట్లాగే. అతను లోపలికెళ్లి, తలుపు ఆమె చేతిలోంచి తీసుకున్నాడు.

"నేను వేసుకుంటాలే."

"ఆదివారం ఆటకి రానా?"

కర్ర గడియ దిగింది. ఆమె బయట ఉండిపోయింది.

"ఆదివారం గొర్రెలకి మందు పట్టాలి," అన్నాడు కోల్బేన్.