రెండో షిఫ్టు సైరన్

అద్దె ఎంతో అడిగి లాడ్జి మెట్లు దిగేసరికి బాబీ పళ్లు టకటకలాడుతున్నాయి. బెజవాడ ఎండ నెత్తి మాడ్చేస్తుంటే వాడికి చలి.

"గది తీసుకుందామా?" అని తారిక్ అడిగాడు. అడగడమైతే అడిగాడు గానీ, వద్దంటే బాగుండునని లోపల గట్టిగా కోరుకున్నాడు. భుజాన బ్యాగులేసుకుని మందమర్రి నుంచి జనరల్ బోగీలో నిలబడి వచ్చింది ఇందుకా? ఇక్కణ్ణుంచి కోనసీమ, అక్కణ్ణుంచి అరకు. మొదటి రోజే జేబు ఖాళీ చేసుకుంటే మిగతా ఊళ్లు చూసేదెట్లా?

"వద్దులే," అన్నాడు బాబీ. "కొంచెం సేపు పండుకుంటే సెట్ అయిత. యాడన్న నీడ చూడు బై."

నీడ కృష్ణలోనే దొరికింది. కృష్ణలంక గోడ దాటి కిందికి దిగితే, బ్యారేజీకి దిగువన నదంతా ఇసుకే. మధ్యలో మడమ మునిగేంత పాయ. అది దాటి అవతలి తిన్నె మీద, రెల్లు పొదల పక్కన, వెంట తెచ్చుకున్న నీలం టార్పాలిన్ పట్టా కట్టారు. గాలి చల్లగా వీస్తోంది. కాస్త దూరంలో ఒక ముసలాయన పడవ పక్కన కూర్చుని వల సర్దుకుంటున్నాడు. పైసా ఖర్చు లేకుండా నది నడుమ గది! తన తెలివికి తారిక్ తానే మురిసిపోయాడు.

బాబీ చేత మాత్ర మింగించి, "ఇడ్లీ తెస్తా. నీ ఫోన్ గూడ ఇటియ్యి, హోటల్ల చార్జింగ్ పెడ్త," అన్నాడు.

"జల్ది రా. బిర్యానీ వాసన పట్టి పోతివో, మీ అమ్మీకి చెప్త." కళ్లు మూసుకునే నవ్వాడు బాబీ.

తిన్నగా వెళ్లి తిన్నగా వచ్చి ఉంటే సరిపోయేది. కానీ కొత్త ఊరు, మొదటి రోజు. టీ హోటల్లో ఫోన్లు రెండూ కాస్త చార్జ్ అవగానే తారిక్ కాళ్లు బీసెంట్ రోడ్డుకు లాక్కెళ్లాయి.

చొక్కాలు కుప్ప పోసి అమ్ముతున్న బండి దగ్గర ఉండగా సైరన్ మోగింది. ఊరు ఊరంతా ఏడ్చినట్టు, పొడుగ్గా. చొక్కాలు తిరగేస్తున్న తారిక్ చెయ్యి ఆగనైనా ఆగలేదు. వాడూ బాబీ పుట్టి పెరిగింది బొగ్గుబావి పక్క క్వార్టర్లలో. సైరన్ అంటే వాళ్లకు షిఫ్టు. ఒకళ్ల నాన్న బావిలోంచి పైకొస్తే ఇంకొకళ్ల నాన్న కిందికి దిగే వేళ. దానికి ఎవడైనా ఉలిక్కిపడతాడా? చిన్నప్పుడు బాబీ సైరన్ మోగితే గానీ నిద్రపోయేవాడు కాదని వాళ్లమ్మ ఇప్పటికీ చెబుతుంది.

'ఈడ గూడ సెకండ్ షిఫ్టు ఎక్కుతున్నట్టున్నరు,' అనుకున్నాడు. సొంత ఊరు పలకరించినట్టు అనిపించింది.

మళ్లీ మోగేసరికి కృష్ణలంక మలుపులో ఇడ్లీ పొట్లం కట్టించుకుంటున్నాడు.

"ఏ ఫ్యాక్టరీ అక్కా అది?"

ఇడ్లీ బండి కనకలక్ష్మి చెయ్యి ఆపి వాణ్ణి ఎగాదిగా చూసింది. "ఫ్యాక్టరీ ఏంటి బాబూ! బ్యారేజీ గేట్లెత్తుతున్నారు. పైన వానలంట కదా. పొద్దుట్నుంచీ ఆటోలో మైకెట్టి అరుస్తానే ఉన్నారు, ఏ ఊరు మీది?"

పొట్లం ఆమె చేతిలోనే ఉండిపోయింది.

తారిక్ పరిగెత్తాడు. బాబీ లేస్తాడు. నీళ్ల చప్పుడికైనా లేస్తాడు. ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టాడు. రెండు ఫోన్లూ చేతికి తగిలాయి.

గోడ మీద జనం నిలబడి వీడియోలు తీస్తున్నారు. వాళ్లని తోసుకుని ముందుకెళ్లాడు. తిన్నె లేదు. రెల్లు లేదు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి. దిగువన వారధి స్తంభానికి నీలం పట్టా ఒకటి చుట్టుకుని కొట్టుకుంటోంది.

మెట్ల దగ్గర పడవకు గొలుసు వేస్తున్న ముసలాయన వాణ్ణి గుర్తుపట్టాడు. ఇందాక వల సర్దుకున్నాయనే, వెంకటప్పయ్య.

"ఆ పట్టా కింద పిల్లోడు నీతో వచ్చినోడేనా?"

"నా దోస్తు. ఒడ్డుకొచ్చిండా? యాడున్నడు తాతా?"

వెంకటప్పయ్య గొలుసు వదిలేశాడు. "మొదటి సైరనప్పుడే కేకేశాను బాబూ. 'సైరన్ ఇనపళ్లేదా, లెగు' అని. చెయ్యూపాడు. 'మా నాయిన డ్యూటీ దిగిండు, ఇగ వస్తడు' అని అటు తిరిగి పడుకున్నాడు. వాళ్ల నాన్నెవరో వచ్చి తీసుకెళ్తాడు గావాలనుకున్నా. పడవ పోద్దేమోనని ఇటొచ్చేశా. మళ్లా చూసేతలికి పాయ నిండిపోయింది."

తారిక్ నీళ్లలోకి ఉరికాడు. కానిస్టేబుల్ ఒకాయన కాలర్ పట్టి వెనక్కి లాగి మెట్ల మీద కూలేశాడు.

అప్పుడు బాబీ ఫోను మోగింది. తెర మీద 'నాయిన' అని ఉంది. మోగి మోగి ఆగింది. మళ్లీ మోగింది. ఎత్తాడు.

"బాబీ! డ్యూటీ దిగిన, బిడ్డా." ఆయన గొంతు వెనక మందమర్రి సైరన్ మోగుతోంది. "పొద్దుగాల నీ గొంతు గట్లుండె, జ్వరమారా? మాట్లాడవేంది?"

"కాకా, నేను. తారిక్‌ని."

"నువ్వా? వాడేడి? పండుకున్నడా?"

తారిక్ వారధి వైపు చూశాడు. పట్టా కూడా కొట్టుకుపోయింది.

"ఆ... పండుకున్నడు కాకా."

"సరే, లేపకు బిడ్డా. పండుకోనీ."