వదినగార్ల షికారు

పెళ్లయిన కొన్నాళ్లకే అబ్బాయీ అమ్మాయీ సముద్రం పక్కనున్న పెద్ద ఊళ్లో కాపురం పెట్టారు. ఇల్లు చూసిపోదామని ఇటు తల్లీ అటు తల్లీ ఒకేసారి దిగారు. అబ్బాయి తల్లి కాన్పుల ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. అమ్మాయి తల్లికి సొంత టైలరింగ్ షాపు. ఇద్దరి భర్తలూ "మీరు వెళ్లి రండి, మేం తర్వాత చూస్తాం" అని ఇంటిపట్టునే ఉండిపోయారు.

ఆ వియ్యపురాళ్లిద్దరికీ పడదని కాదు. మర్యాదే మరీ ఎక్కువైపోయింది. "మీరు ముందు వదినగారూ" అని ఒకరంటే, "అయ్యయ్యో, మీరే ముందు వదినగారూ" అని ఇంకొకరు. ఎదుటివాళ్లు తాగాక తాగుదామని కూర్చుంటే ఇద్దరి టీలూ చల్లారిపోయేవి. బాత్రూం గుమ్మం దగ్గరా ఇదే తంతు. మధ్యలో అబ్బాయి దూరిపోయి స్నానం కానిచ్చుకొచ్చేవాడు.

ఊరు చూపించడానికని పిల్లలిద్దరూ సెలవు పెట్టుకున్నారు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు. తీరా బయల్దేరే వేళకి అక్కడ కంప్యూటర్లన్నీ మొరాయించాయనీ, ఉన్నపళంగా రమ్మనీ ఫోనొచ్చింది.

"మీరిద్దరూ తిరిగి రండమ్మా. ముందు లైట్‌హౌస్ చూడండి. సాయంత్రం రోప్‌వే కింద కలుద్దాం" అని అబ్బాయి వాళ్లని బస్సెక్కించాడు.

బస్సులో సముద్రం వైపు కిటికీ సీటు ఖాళీగా ఉంది. "మీరు కూర్చోండి", "కాదు, మీరు కూర్చోండి" అనుకుంటుంటే వెనక నుంచొచ్చిన భారీ మనిషొకాయన "సరే, నేను కూర్చుంటా" అని కూలబడ్డాడు. దారి పొడుగునా వాళ్లకి ఆయన భుజమే కనిపించింది. సముద్రం వచ్చిందని కూడా ఆయన చెబితేనే తెలిసింది.

లైట్‌హౌస్ లోపల ఇనపమెట్లు మెలికలు తిరుగుతూ పైకి పోతున్నాయి. నర్సమ్మ ముందు, టైలరమ్మ వెనక. కాసేపటికి మాటలు ఆగిపోయాయి. ఇంకాసేపటికి నర్సమ్మ మోకాలు పట్టుకుని మెట్టు మీద చతికిలబడింది.

"కాస్త ఆగుదాం వదినగారూ. మీకు సరదా కదా అని ఎక్కుతున్నాను గానీ, నా మోకాళ్లు నా మాట వినడం లేదు."

టైలరమ్మ గోడకి చేరబడి రొప్పుతూ ఆవిడ వైపు చూసింది. "నాకు సరదానా? ఎవరు చెప్పారు? నాకు ఎత్తంటే కళ్లు తిరుగుతాయి. మీకు ఇష్టమేమోనని నోరు మూసుకుని వస్తున్నాను."

"నాకు ఇష్టమా? బలేవారే!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందెవరు నవ్వారో గానీ, ఆ నవ్వు గొట్టం లాంటి ఆ గోడల మధ్య కిందికీ పైకీ మోగింది. పైనుంచి దిగుతున్న వాళ్లు ఏమైందోనని కంగారుపడ్డారు.

"ఏమీ లేదు బాబూ, మర్యాద ఎక్కువై ఆయాసం వచ్చింది" అంది టైలరమ్మ.

దిగొచ్చి, బెంచీ మీద కూర్చుని ఐస్‌క్రీం తిన్నారు. ఈసారి ఎవరిది వాళ్లే చకచకా తినేశారు.

"ఇప్పుడు నిజం చెప్పండి, మీకేం చేయాలనుంది?" అని అడిగింది నర్సమ్మ.

"నీళ్లలో దిగాలనుంది. ఇన్నేళ్లూ మిషను తొక్కిన కాళ్లు. వాటికీ ఓ షికారు కావాలి కదా."

తీరం వెంట పొడవాటి నడకదారి, దాని కింద తెల్లటి ఇసుక. దూరంగా కొండ అంచున రంగురంగుల ఇళ్లు మెట్లు మెట్లుగా పేర్చినట్టున్నాయి. ఇద్దరూ చెప్పులు చేత పట్టుకుని నీళ్లలోకి నడిచారు. మొదట పాదాలు, తర్వాత చీలమండలు, ఆ తర్వాత ఇంకొంచెం, ఇంకొంచెం. అల వెనక్కి లాగినప్పుడల్లా కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే చిన్నపిల్లల్లా కేకలు పెట్టారు.

అంతలో పెద్ద అల వచ్చింది. టైలరమ్మ వెల్లకిలా పడింది. ఒక చెప్పు అటు, ఒక చెప్పు ఇటు. నీళ్లు ఆవిణ్ని లోపలికి ఈడుస్తుంటే నర్సమ్మ ఒక్క అంగలో దూకి మణికట్టు పట్టుకుంది.

"పట్టుకోవే! చెయ్యి వదలకు! భయపడకు, నేనున్నాను! గట్టిగా ఊపిరి తీసుకో! ఆఁ, అంతే, ఇంకొంచెం! బలం పెట్టు!"

కాన్పుల గదిలో ఎందరు తల్లులకో ధైర్యం చెప్పిన గొంతు అది. మోకాళ్ల నొప్పి ఎటు పోయిందో, ఆవిణ్ని ఒడ్డు దాకా లాక్కొచ్చి కూర్చోబెట్టింది. టైలరమ్మ దగ్గి, ఉమ్మి, ముక్కులోంచి ఉప్పునీళ్లు కార్చి, చివరికి నోరు తెరిచింది.

"వదినా, నన్ను ఒడ్డుకి రమ్మంటున్నావా, బిడ్డని కనమంటున్నావా?"

నర్సమ్మ ఇసుకలో పడి దొర్లి నవ్వింది. కాసేపయ్యాక గానీ ఆవిడకి గుర్తురాలేదు. "అయ్యో, కంగారులో మిమ్మల్ని ఒసే అన్నంత పని చేశాను!"

"అనాల్సిందంతా అనేసి ఇప్పుడు మీరేమిటి, మీరు? నా చెప్పులు చూడు, పడవల్లా పోతున్నాయి!"

ఒక చెప్పు దొరికింది. రెండోది సముద్రం ఉంచుకుంది. తడి బట్టలతో వణుకుతూ తీరం మీదున్న దుకాణంలోకి దూరారు. వాళ్ల కొలతకి దొరికినవి ఒకే రకం: పొట్ట మీద ఎనిమిది చేతుల ఆక్టోపస్ ఉన్న నారింజరంగు టీషర్టులు, వదులు పైజమాలు, రబ్బరు చెప్పులు. టైలరమ్మ చొక్కా తిరగేసి చూసి తల పట్టుకుంది.

"ఈ కుట్టు చూడు వదినా, కునికిపాట్లు పడుతూ కుట్టినట్టున్నాడు."

"నోర్మూసుకుని తొడుక్కో, జలుబు చేస్తుంది" అంది నర్సమ్మ.

ఆ అవతారాలతోనే రేవు చుట్టూ పడవలో తిరిగారు. రేవు గోడ మీద సున్నం వేసినట్టు తెల్లగా వాలుతున్న పక్షుల్ని చూశారు. సందుల్లో దారి తప్పి, ఎవరి పెరట్లోకో వెళ్లి, ఆ ఇంటావిడ దగ్గర మంచినీళ్లు తాగి వచ్చారు. తిరిగి బస్సెక్కినప్పుడు కిటికీ సీటు కోసం పోటీ పడ్డారు. టైలరమ్మ గెలిచింది.

ఎత్తంటే భయమన్న మనిషే రోప్‌వే డబ్బాలో, నర్సమ్మ చెయ్యి నలిపేస్తూ కూర్చుంది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి చూసింది. కింద ఊరంతా సాయంత్రపు ఎండలో పరుచుకుని ఉంది. ఓడలు బొమ్మల్లా కదలకుండా నిలబడ్డాయి. కాసేపటికి రెండో కన్నూ తెరిచింది.

కింద పిల్లలిద్దరూ దిగే వాళ్లందరినీ పరీక్షగా చూస్తున్నారు. నారింజరంగు చొక్కాలు పక్కనుంచే వెళ్లిపోయినా పోల్చుకోలేదు.

"ఏరా, కన్నతల్లిని గుర్తుపట్టలేవా?" అని నర్సమ్మ వీపు మీద చరిస్తే అబ్బాయి ఎగిరిపడ్డాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి వాళ్లమ్మని వంటింట్లోకి లాగి గుసగుసగా అడిగింది. "అమ్మా, అత్తయ్యగారిని 'నువ్వు' అంటున్నావేమిటి? ఆవిడేమీ అనుకోరా?"

"సముద్రంలో కొట్టుకుపోయేదాన్ని ఎవరూ మీరూ మీరూ అంటూ బయటికి లాగరే. మాకు అక్కడే అయిపోయింది అదంతా."

"సముద్రంలో కొట్టుకుపోవడమేమిటి?" అమ్మాయి తల్లి భుజాలు రెండూ పట్టుకుంది.

ఆవిడ సమాధానం చెప్పేలోపే ముందుగదిలోంచి కేక వినిపించింది.

"వదినా, టీ చల్లారిపోతోంది! రాకపోతే నీది కూడా నేనే తాగేస్తా!"

టైలరమ్మ కూతుర్ని పక్కకి నెట్టి పరుగెత్తింది.