అత్త బలం

తొలికోడి కూయగానే రాజాంబాళ్ చాప చుట్టి గోడకు ఆనించింది. చప్పుడు కాకుండా పెరటి తలుపు గడియ తీసి బయటికి వెళ్లింది. పక్కగదిలో ఆమె కోడలు అమరావతి కళ్లు మూసుకునే ఉంది గాని నిద్రపోవడం లేదు. ఆరోనెల కడుపు మీద చెయ్యి వేసుకుని, అత్త అడుగులు ఎటు పోతున్నాయో వింటోంది. బావి వైపు కాదు. పెరటి చివర, మూతబడ్డ మగ్గం పాక వైపు.

ఆ పాక ఆమె మరిది, రాజాంబాళ్ చిన్నకొడుకు కాశిది. విషజ్వరం వచ్చిన ఏడు కాశి పోయాక అందులో మగ్గం మీద నాడె ఆడలేదు.

తెల్లవారే వేళకు అత్త తిరిగొస్తుంది. చీర తడిసి వీపుకు అతుక్కుని ఉంటుంది. అరచేతులకు మట్టి, కాలివేళ్లకు మట్టి. తొట్టి దగ్గర అదంతా కడుక్కుని, ఏమీ ఎరగనట్టు పొయ్యి రాజేస్తుంది.

అరవై దాటిన మనిషి. ఆ ఈడు ఆడవాళ్లు వీథిలో గోడలు పట్టుకుని నడుస్తుంటే, రాజాంబాళ్ వెన్ను పలుగులా నిలువుగా ఉంటుంది. జబ్బలు పేనిన మోకులా బిగువుగా ఉంటాయి. గంజి తాగి బరువెక్కిన పడుగు నూలును ఒక్కతే భుజాన వేసుకుంటుంది. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని ఏటిగట్టు ఎక్కినా రొప్పదు. కాపురానికి వచ్చిన కొత్తలో అమరావతికి అది చూడ ముచ్చటగా ఉండేది. ఇప్పుడు చూస్తే ఒళ్లు జలదరిస్తోంది.

ఆ జ్వరం వాళ్ల ఊరు గుడియాత్తంలో ముసలివాళ్లను వదిలి పడుచువాళ్లను ఎత్తుకుపోయింది. రాయిలాంటి కాశి పోయాడు. అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న అమరావతి కూతురు పోయింది. రాజాంబాళ్ మాత్రం కాస్త ఒళ్లు వెచ్చబడి, దుప్పటి కప్పుకుని పడుకుని లేచింది. లేచాక మునుపటికంటే గట్టిపడింది.

"యాడనుంచి వచ్చినాది ఆ బలం?" అంది ఒకనాడు ఎదురింటి కమలమ్మ. "ఈడొచ్చిన పిల్లోడు పాయ, పాలు మరవని బిడ్డ పాయ, ముసిల్దానికి మాత్రం బలం వచ్చె! ఆయుస్సు ఊరికే వస్తాదా మే? ఎవురిదో ఒకరిది తాగాల. ఆ పాకలో ఏమి పూడ్చిపెట్టిందో చూడు. మళ్లా కడుపుతో ఉండావు, భద్రం."

ఆ మాట ముల్లులా దిగబడింది. అప్పటినుంచి అత్త కలిపిచ్చిన గంజిని అమరావతి చాటుగా కుడితితొట్టిలో పోసేస్తోంది. భర్త జయరాములు నిన్న బట్టల మూటతో వేలూరుకు బయల్దేరేటప్పుడు తేల్చి చెప్పేసింది. "ఆమె ఉంటే నేనుండను. పరదరామికి మా నాయన దెగ్గిరికి పోతా. వచ్చినాక ఏదో ఒకటి చెప్పు." జయరాములు తలెత్తలేదు. "రేపు మాపటికి వస్తా" అని మూట ఎత్తుకున్నాడు.

ఈవేళ అమరావతి లేచింది. గోడవారగా నడిచి, పాక తడిక సందులో కన్ను ఆనించింది.

లోపల దీపం లేదు. చూరు కింద నుంచి వచ్చే తెల్లవారు వెలుగులో అత్త కనిపించింది. చీర గోచీపోసి బిగించింది. అరచేతులు నేలకు ఆనించి, ఒళ్లంతా చాచి, రొమ్ము మట్టికి తగిలీ తగలనట్టు దించి, లేస్తోంది. మళ్లీ దిగుతోంది. మంత్రం లేదు, ముగ్గు లేదు. ముక్కుతో బుస కొడుతున్న ఊపిరి మాత్రం వినబడుతోంది. ఆడది దండీలు తీయడం అమరావతి పుట్టాక చూడలేదు. అయినా అనుమానం పోలేదు. మంచిపనే అయితే దాక్కోవడం దేనికి?

అత్త వెళ్లిందాకా ఆగి లోపలికి దూరింది. విరిగిన ఆసుకర్ర తీసుకుని నేల తవ్వసాగింది.

"ఏమి ఎతకతా ఉండావు?"

గుమ్మంలో రాజాంబాళ్. చేతులింకా తడిగా ఉన్నాయి. అమరావతికి భయంతోనే నోరు లేచింది.

"ఏమి పూడ్చినావు ఈడ? ఒక బిడ్డను మింగితివి, దీన్ని కూడా మింగల్లనా?"

రాజాంబాళ్ వచ్చి, మగ్గం గుంట అంచున కూర్చుంది.

"మా నాయన వేలూరులో గరిడీ సాము నేర్పించేవోడు. మగబిడ్డ లేడని నాకు నేర్పించినాడు. పెండ్లి చేసి పంపేటప్పుడు, 'అత్తగారింట చెప్పొద్దమ్మా, నవ్వుతారు' అన్నాడు. చెప్పలేదు. చేసేది మానుకుంటి. పోయిందాకా మీ మామకు కూడా తెల్దు."

"మరి ఇప్పుడు ఎందుకంట?"

"కాశిని ఎవురు మోసినారు, మే?"

అమరావతి తడబడింది. ఆ రోజు ఆమెకూ, జయరాములుకూ ఒంటి మీద తెలివి లేదు. "వీథిలోవాళ్లు..."

"వీథిలో లేచి నిలబడినోడు యాడుండె? తలుపులన్నీ తట్టితిని. ఒకరూ తీయలేదు. నేనే భుజాన వేసుకుని ఏటికి పోతిని. నిండు మనిషి గదా. గట్టు దిగేతలికి మోకాళ్లు ఆగలేదు. ఇసకలో ఈడ్చుకొని పోయినా. కన్నబిడ్డను, చచ్చిన గొడ్డును ఈడ్చినట్ల ఈడ్చినా." ఆమె మోకాళ్ల మీద అరచేతులు రుద్దుకుంది. "మళ్లా వచ్చి నీ బిడ్డను ఎత్తుకొని పోతిని. ఆ బంగారు బరువే లేదు. ఆ పొద్దు అనుకుంటి, ఇంకొకసారి అట్ల ఈడ్చకూడదని."

అంతే చెప్పి లేచి వెళ్లిపోయింది.

నమ్మాలో వద్దో అమరావతికి తెలియలేదు. ఏడుపు కథలు ఎవరైనా చెబుతారు. పొద్దెక్కాక నీళ్లకు పోయి, చేదుతున్న కమలమ్మను అడిగింది. "కాశిని ఎవురు మోసినారక్కా?"

కమలమ్మ చేతిలో చేంతాడు ఆగింది. "మా ఇంట్లో అందురమూ జొరంతో పడి ఉంటిమి. ఎవురో తలుపు తట్టినట్టే ఉండె... లేచే వోపిక యాడిది?" అని బిందె సగం నిండకుండానే ఎత్తుకుని పోయింది.

మధ్యాహ్నం రాజాంబాళ్ ఎప్పటిలా గంజి కలిపి కోడలి ముందు పెట్టింది. అమరావతి గిన్నె ఎత్తి వాసన చూసింది. కాసేపు అట్లాగే పట్టుకుంది. సగం తాగి, సగం వదిలేసింది. అత్త చూసింది.

ఎండ కాస్త తగ్గాక వీథిలో పడుగు చాపారు. రాజాంబాళ్ కుంచెతో గంజి పూస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తుంటే, దారాలు సర్దుతూ అమరావతి ఆమె కాళ్లనే చూసింది. పిక్కలు గట్టిగానే ఉన్నాయి. అడుగు మాత్రం ఈవేళ కొంచెం నెమ్మదించింది. ఆరిన పడుగును చుట్టి ఇంట్లో చేర్చి, రాజాంబాళ్ అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"రొంతసేపు కూచుంటా. దీపం నువ్వు పెట్టు."

అమరావతి దీపం పెట్టి వచ్చింది. అత్త అట్లాగే నిటారుగా కూర్చుని ఉంది. తననే చూస్తోందేమో అనిపించి, దూరంగానే నిలబడింది. "అత్తా" అని పిలిచింది. దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి బరువుగా ఒళ్లోకి జారిపోయింది.

జయరాములు వచ్చేసరికి అరుగు ముందు జనం చేరారు. అతను తల్లిని చూశాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు.

"ఏమి పెట్టినావు మా అమ్మకు?"

నిన్న అమరావతి అన్న మాట అతని కళ్లలో ఉంది. "కాశిని మోసింది మీ అమ్మేనంట. ఆ పొద్దు నుంచి పాకలో దండీలు తీస్తా ఉండె" అని మాత్రం అనగలిగింది. జయరాములు అనుమానంగానే తల్లి అరచెయ్యి వెల్లకిల తిప్పాడు. గట్టిపడిన కాయలు, వాటి గీతల్లో కడిగినా పోని మట్టి. అప్పుడు కూలబడి ఏడ్చాడు.

మర్నాడు మోయడానికి వీథి మగవాళ్లంతా వచ్చారు. కమలమ్మ మొగుడు అందరికంటే ముందు భుజం పెట్టాడు.

వాళ్లు మలుపు తిరిగాక అమరావతి పాకలోకి వెళ్లింది. మగ్గం గుంట పక్కన, నీడపట్టున, మూతపెట్టిన చిన్న ముంత ఉంది. నిన్న తను తవ్వినప్పుడు అది అక్కడ లేదు. ఒంగి చూసింది. తెల్లారి దండీలయ్యాక తినడానికి నానబోసిన శనగలు. ఒక్క మనిషికైతే అన్ని అక్కర్లేదు, ఇద్దరికి సరిపడా ఉన్నాయి. నీళ్లన్నీ తాగేసి, ఉబ్బి, పొట్టు చిట్లి, గింజలు మట్టిమూతను ఓరగా పైకెత్తి ఉన్నాయి.