తీసేసిన పది నిమిషాలు

ఆ కంప్యూటర్‌ని చూసినవాళ్ళు ఎవరైనా ముక్కున వేలేసుకోవాల్సిందే. వెనక బొజ్జ ఉన్న తెర, తెలుపు కాస్తా పసుపుకి తిరిగిన పెట్టె, ఆన్ చేస్తే వీధి గుమ్మం దాకా వినిపించే రొద. గుసగుస మాస్టారు మాత్రం దాన్ని పల్లెత్తు మాట అననిచ్చేవాడు కాదు. ఆ ఇంట్లో ఆయన కాకుండా చప్పుడు చేసేది అదొక్కటే మరి.

గుసగుస అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. నాటక సమాజం ఉన్న రోజుల్లో, తెర పక్కన చీకట్లో నిలబడి, నటులు మరిచిపోయిన మాటలు మెల్లగా అందించడం ఆయన పని. రాజు తడబడితే రాజు మాట, దొంగ తడబడితే దొంగ మాట. జనానికి కనపడకూడదు, వినపడకూడదు. ఎంత బాగా చేస్తే ఆ మనిషి ఉన్నట్టు అంత తెలియదు. సమాజం మూతపడ్డాక కూడా ఆ అలవాటు ఆయన్ని వదల్లేదు. పెళ్ళి ఊసెత్తలేదు, పిలిస్తే తప్ప ఎవరి గుమ్మమూ తొక్కలేదు, పిలిచేవాళ్ళూ ఒక్కొక్కరే తగ్గిపోయారు.

అలాంటిది ఒకరోజు పొద్దున్నే ఫోను మోగింది. "నేనండీ" అనగానే పోల్చుకున్నాడు. సమాజానికి కథానాయిక ఆమె. ఆమె మాట్లాడి పాతికేళ్ళు దాటింది.

"మాస్టారూ, మన ఆఖరి నాటకం వీడియో మీ దగ్గరే ఉందటగా? నాకు కావాలండీ. ఆదివారం మా అల్లుడు అటు వస్తాడు, ఇచ్చి పంపుతారా?"

"దానికేం భాగ్యం అమ్మా" అన్నాడు. ఎందుకు కావాలో అడగలేదు. అడిగితే ఫోను పెట్టేస్తుందేమోనని భయం.

ఆ ఆఖరి నాటకం ఆయన గుండెలో ముల్లు. మూడో రంగంలో మొగుడు ఇల్లు వదిలి వెళ్ళిపోతుంటే ఆమె ఒక మాట అనాలి. మరిచిపోయింది. ఈయన అందించాడు, వినపడలేదు. మళ్ళీ అందించాడు. మూడోసారి కంగారులో గొంతు పెగిలి, "మీరు లేకపోతే నేనుండలేనండీ!" అన్న మాట బొంగురు మగ గొంతుతో హాలంతా మోగింది. జనం పడీ పడీ నవ్వారు. నటులకి కూడా నవ్వాగక, తెర దించి, రంగం మొదట్నుంచీ మళ్ళీ ఎత్తుకోవాల్సి వచ్చింది. ఆమె పరువు తీశానని మాస్టారు ఆ రాత్రే దొడ్డిదారిన వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమెకి ఎదురుపడలేదు.

సరే, పని మొదలైంది. వీడియో ఉన్నది ఆ ముసలి కంప్యూటర్లోనే, ఇంకెక్కడా లేదు. అసలు టేపు ఎప్పుడో బూజు పట్టి పోయింది. అరచేతిలో పట్టే పోర్టబుల్ డిస్కు ఒకటి ఉంది కదా, అందులోకి ఎక్కించి ఇచ్చేద్దాం అనుకున్నాడు. పెట్టెకి ముందున్న రంధ్రంలో కేబుల్ పెడితే డిస్కు లైటు మిణుకుమని ఆరిపోయింది. ముందు వైపు కరెంటు చాలదని గుర్తొచ్చి, బల్ల కిందకి దూరి, తలకి బొప్పి కట్టించుకుని, వెనక గుచ్చాడు. ఈసారి లైటు నిలిచింది. తీరా కాపీ కొడితే తెర మీద ఒకటే మాట: డిస్కులో చోటు చాలదు, కొన్ని ఫైళ్ళు తీసేసి మళ్ళీ ప్రయత్నించండి.

తీసేశాడు. ముందు పాత పాటలు పోయాయి. చోటు చాలదంది. తమ్ముడి కూతురి పెళ్ళి ఫోటోలు పోయాయి. అన్ని ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ తను లేడు కాబట్టి పెద్దగా బాధ కలగలేదు. మళ్ళీ చాలదంది. చివరికి డిస్కు నున్నగా గుండు కొట్టించుకున్నట్టు తయారైనా, ఆ మొండిది చాలదనే అంది. మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ.

శనివారం రిపేరు షాపు అమ్మాయి వచ్చింది. చూసీ చూడగానే నాలిక కరుచుకుంది.

"అయ్యో అంకుల్, అనవసరంగా అన్నీ తీసేశారే! చోటుకేం, బోలెడుంది. ఈ డిస్కుది పాత పద్ధతి. ఎన్ని ఫైళ్ళైనా పట్టుకుంటుంది గానీ, ఒక్కో ఫైలు మాత్రం నాలుగు జీబీ దాటకూడదు. మీ వీడియో కాస్త దాటింది. దీనికి ఆ సంగతి చెప్పడం చేతకాక, చోటు లేదని గోల పెడుతోంది."

"మరెలాగమ్మా? రేపే ఇవ్వాలి."

ఆమె పెట్టె మీద చెవి ఆనించి విన్నది. లోపల టక్కు టక్కుమంటోంది. "రేపటిదాకా ఆగేట్టు కూడా లేదిది. ఒక పని చేద్దాం. వీడియోని రెండు ముక్కలుగా కోసి ఎక్కిస్తాను. ఏమీ పోదు, ఒకదాని తర్వాత ఒకటి చూసుకోవచ్చు."

మాస్టారు టక్కుమంటున్న ఆ పెట్టె మీద చెయ్యి వేశాడు. తర్వాత, నటులకి మాట అందించే గొంతుతోనే, "ముక్కలెందుకమ్మా. మధ్యలో ఓ పది నిమిషాలు పనికిరానిది ఉంది. అది తీసేస్తే సరిపోదూ?" అన్నాడు.

"సరిపోతుంది. కానీ తర్వాత కావాలంటే రాదంకుల్. మీకు ఖాయమేనా?"

"ఖాయం."

ఎక్కడ కోయాలో ఆయనే చూపించాడు. మూడో రంగానికి మొదటిసారి తెర లేచిన చోటు నుంచి, దించిన తెర మళ్ళీ లేచే చోటు దాకా. అతుకు కనపడలేదు. ఇప్పుడు ఆ నాటకంలో కథానాయిక ఎక్కడా ఒక్క మాట మరిచిపోదు. కాపీ నత్తనడక నడిచి, చీకటి పడే వేళకి ముగిసింది. ఇంకాసేపటికి లోపల కీచుమని గీరిన చప్పుడు వచ్చి తెర నల్లబడింది. ఆ అమ్మాయి మూడు నాలుగు సార్లు ఆన్ చేసి చూసి, లోపల ఫైళ్ళు దాచే పలకలు గీసుకుపోయాయని, ఇక దాన్నుంచి ఎవరూ ఏమీ తీయలేరని తేల్చేసింది. "సరిగ్గా సమయానికి బయటపడింది అంకుల్, అదృష్టవంతులు" అంది. మాస్టారికి నిజంగానే అదృష్టవంతుణ్ణి అనిపించింది. ఇన్నేళ్ళ తర్వాత ఆమెకి మచ్చ లేని నాటకం ఇస్తున్నాడు.

ఆదివారం అల్లుడు వచ్చి, గుమ్మంలోనే డిస్కు తీసుకుని, కాఫీ కూడా వద్దని వెళ్ళిపోయాడు. మాస్టారు ఆ రోజంతా ఫోను పక్కనే కూర్చున్నాడు. మర్నాడు సాయంత్రం మోగింది. వెనక పిల్లల అల్లరి వినపడుతోంది.

"మాస్టారూ, అందర్నీ కూర్చోబెట్టి చూపించానండీ. బాగుంది. కానీ అది లేదేంటండీ?"

"ఏదమ్మా?"

"మీరు అరిచింది! మీరు లేకపోతే నేనుండలేనండీ అని. మా ఇంట్లో ఎవరు అలిగి వెళ్ళిపోతున్నా అందరం మీ గొంతుతో ఆ మాటే అంటాం. మా పెద్ద మనవడైతే మిమ్మల్ని చూడకుండానే మీలా అరుస్తాడు. ఆ అసలు గొంతు ఒక్కసారి వినిపిద్దామనే అడిగాను. నన్ను నేను చూసుకోవడానికి కాదు."

పాతికేళ్ళుగా ఆ ఇంట్లో మాస్టారి మాట తిరుగుతోంది. ఇక్కడ ఈయన ఇల్లు చూస్తే, ఆకు రాలినా ఉలిక్కిపడేంత నిశ్శబ్దం.

"నేనే తీయించేశానమ్మా" అన్నాడు. "నీకు నామర్దా అని."

"నామర్దా ఏంటి మాస్టారూ! ఆ రోజు స్టేజీ మీద నాకు ఒక్క మాటా గుర్తు రాలేదు. మీ గొంతు విన్నాకే ప్రాణం లేచొచ్చింది. నాటకం అయిపోయాక మీకు ఆ మాట చెబుదామని వెతికాను. అప్పటికే వెళ్ళిపోయారన్నారు." మళ్ళీ ఆమే అడిగింది. "ఆ ముక్క ఇంకెక్కడైనా ఉందా?"

"లేదమ్మా. మిషను పోయింది."

"పోనీలెండి" అంది ఆమె. ఎవరో పిల్లాడు ఏడుస్తుంటే వాణ్ణి సముదాయించి, మళ్ళీ ఫోనులోకి వచ్చింది. "ఒకసారి రండి మాస్టారూ, మా ఇంటికి."

"వస్తానమ్మా" అన్నాడు మాస్టారు.

ఎప్పుడని ఆమె అడగలేదు. ఇల్లు ఎక్కడని ఈయనా అడగలేదు.