బోలు ప్లేట్లు

నూనె గుడ్డతో ఇనప బార్‌ను తుడుస్తూ ఇనప మామయ్య మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. వ్యాయామశాలలో బరువులన్నీ ఆయన చేతి కిందే ఉంటాయి. ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ అంచుల తుప్పు వదలదు. చెల్లెలి కూతురు మామయ్యా అని పిలవడం విని, అక్కడికొచ్చే ఆటగాళ్ళంతా అదే పిలుపు ఖాయం చేసేశారు.

ఆ మేనకోడలికి సాయంత్రం ఎంపిక పరుగు. ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. మొదటి ఇద్దరినీ జట్టు బస్సు అటునుంచటే శిబిరానికి తీసుకుపోతుంది. అలాంటి రోజున, పరుగు నేర్పే కోచమ్మ, పొద్దున్నే భుజాల మీద పెద్ద బరువు పెట్టుకుని నాలుగు గుంజీళ్ళు చురుగ్గా తీసి, కాసిని దూకుళ్ళు దూకి, వెళ్ళి పడుకోమంది. సాయంత్రానికి కాళ్ళలో వేగం లేస్తుందట. మామయ్యకు ఆ మాట మింగుడుపడలేదు.

జీవితం మొత్తానికి ఆయన దగ్గరున్న సరుకు ఒకటే: పోటీ రోజు కాళ్ళు దాచుకోవాలి. వయసులో తనూ పరుగెత్తినవాడే. దొరికిన ఒకే ఒక పెద్ద పోటీ రోజున, కంగారు పట్టలేక పొద్దుటి నుంచీ మైదానం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. తీరా పిలుపొచ్చేసరికి కాళ్ళు కట్టెలయ్యాయి. ఆ నష్టాన్నే పెట్టుబడిగా పెట్టి, వచ్చినవాళ్ళందరికీ ఆ మాటే అమ్ముతూ వచ్చాడు. పుచ్చుకున్నవాళ్ళలో గెలిచినవాళ్ళున్నారు, ఓడినవాళ్ళూ ఉన్నారు. లాభమో నష్టమో ఎన్నడూ కూడి చూడలేదు.

“ఉన్న బలం పొద్దున్నే ఖర్చయిపోతే సాయంత్రం ఏం అమ్ముతామమ్మా?” అన్నాడు కోచమ్మతో.

“ఇది ఖర్చు కాదు మామయ్యా, అమ్మకానికి ముందు కొట్టు షట్టర్ ఎత్తడం. మీరప్పుడు అలిసిపోయేదాకా పరిగెత్తారు. అలుపు రాకముందే ఆపేస్తే వేరు.”

ఆయన తలూపాడు. వేరెలాగో మాత్రం బోధపడలేదు. ఫోను మోగి కోచమ్మ వరండాలోకి వెళ్ళింది. బార్‌కు తొడిగే బరువు ప్లేట్లలో, కొత్తవాళ్ళకు పద్ధతి నేర్పడానికి బోలువి కొన్ని ఉంటాయి. చూపుకు అసలువాటిలాగే ఉంటాయి గాని బరువుండదు. ఆయన బార్‌కు అటూ ఇటూ ఒక్కో అసలు ప్లేటు తీసి, బోలుది తొడిగాడు. తాను కాళ్ళు కాపాడుతున్నాడో, చేతులారా చెడగొడుతున్నాడో తేలకముందే మేనకోడలు అరచేతులకు సుద్ద రాసుకుని వచ్చేసింది. బార్ కిందికి దూరి లేచింది, మళ్ళీ కూర్చుని లేచింది.

“ఇవాళ నా ఒంట్లో ఏదో ఉంది మామయ్యా. దూదిలా లేస్తోంది,” అంటూ బార్ దింపి, ప్లేటును అరచేత్తో చరిచింది. అది డొల్లగా మోగింది. మామయ్య వరండా వైపు చూశాడు. అప్పుడే లోపలికొచ్చిన కోచమ్మకు ఆ మోత పట్టినట్టు లేదు. ఆమె అమ్మాయి దూకుళ్ళు చూసి మురిసిపోతోంది.

సాయంత్రం అమ్మాయి వెంట్రుకవాసిలో రెండోదిగా గట్టెక్కింది. పొద్దుటి బరువు ఎలా పనిచేసిందో చూశారా అని కోచమ్మ ఆయన వీపు తట్టింది. ఆయన నవ్వాడు గాని ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. గెలుపు కళ్ళముందే ఉంది, అది ఎవరి ఖాతాలోదో తెలియడం లేదు.

బస్సు కిటికీలోంచి మేనకోడలు ఆయన చేయి పట్టుకుంది. పెద్ద పోటీ పొద్దున కూడా సరిగ్గా ఈ బరువే ఎత్తుతానని, దూదిలా లేవడమే తనకు గుర్తని చెప్పింది. అక్కడ అసలు ప్లేట్లుంటాయి. బరువు బరువుగానే తోస్తే, పిల్ల పరుగుకు ముందే ఓడిపోతుంది. పొద్దున తొడిగినవాటిలో రెండు బోలువని మామయ్య చెప్పేశాడు.

ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

“మరి నేను గెలిచింది దేనివల్ల?”

“ఎత్తినందుకో, తక్కువ ఎత్తినందుకో, పూర్తిగా ఎత్తాననుకున్నందుకో. నాకు తెలిస్తే ఒట్టు తల్లీ. అక్కడ మాత్రం ప్లేట్లు నువ్వే చూసి తొడుక్కో.”

“నువ్వున్నావనేగా నేనెప్పుడూ ప్లేట్ల వంక చూడనిది?”

బస్సు కదిలింది. కిటికీలో చేయి లేచినట్టే ఉంది. వీడ్కోలుకో, జుట్టు సవరించుకోవడానికో ఆయనకు అంతుపట్టలేదు.

తిరిగొచ్చి బరువులన్నీ తుడిచాడు, ఒక్కటి తప్ప. గోడకు ఆనించిన ఆ బోలు ప్లేటు మీద ఐదు వేళ్ళ సుద్ద మరక అలాగే ఉంది.