పలకరిస్తే ఉండిపోయే చుట్టాలు

కోడలు పొద్దెక్కాక నిద్రలేచేసరికి అత్తగారు మనవరాల్ని బడికి పంపి, వంట కూడా ముగించేసి కూర్చునేది. కోడలు పనిచేసేది ఒక పెద్ద హోటలు లాండ్రీలో. మధ్యాహ్నం వెళ్తే అర్ధరాత్రి దాటాకే రావడం. తను వచ్చేసరికి పాప నిద్రలో, పాప వెళ్ళేసరికి తను నిద్రలో. లారీ తోలుకుంటూ ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చే భర్తకున్న పాటి చనువు కూడా పాప దగ్గర తనకు లేదు. అది తలచుకుంటే ఇస్త్రీ బల్ల ముందే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగేవి.

ఇంతలో హోటల్లో ఫ్లోర్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయింది. పగటి డ్యూటీ, సాయంత్రానికల్లా ఇల్లు. కాకపోతే గదుల్లో దిగినవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడాలి. కోడలు నడుం బిగించి, పాత డిక్షనరీ ఒకటి సంపాదించి, మొదటి పేజీ నుంచి బట్టీ పట్టడం మొదలుపెట్టింది.

ఎవరింట్లోనైనా జరిగేదే ఆ ఇంట్లోనూ జరిగింది. నేర్చుకున్న మాటలు చుట్టాల్లా వచ్చి దిగాయి. బొటనవేలంత మనుషులు, చంకన చిన్న చిన్న సంచులు. కిటికీ గట్టు మీదా, మంచినీళ్ళ బిందె మూత మీదా, ఎక్కడ చోటుంటే అక్కడ సర్దుకుని కూర్చున్నారు. అందరూ ఒకే అక్షరంవాళ్ళే. కోడలు వాళ్ళ మొహమైనా చూడకుండా తర్వాతి పేజీ తిప్పింది. మర్నాటికి సగంమంది మొహం ముడుచుకుని వెళ్ళిపోయారు. అబాండన్ అనేవాడైతే గుమ్మం కూడా తొక్కకుండానే వెనక్కి తిరిగాడు.

అత్తగారికి తల కొట్టేసినట్టయింది. ఆవిడ ఇంటికొచ్చిన మనిషి మాటామంతీ లేకుండా తిరిగి వెళ్ళడం ఎన్నడూ లేదు.

"అమ్మాయ్, ఊరందర్నీ పిలిచి ఒక్కర్నీ పలకరించకపోతే ఎవరుంటారే? నీకు రోజూ పని పడేవాళ్ళని పిలు. కొద్దిమందినే పిలు. వాళ్ళ వాళ్ళని కూడా కలిపి పిలు, ఒంటరిగా వస్తే ఎవరికైనా తోచదు."

కోడలు డిక్షనరీ మూసేసింది. మంచం ఎదుట కూర్చుని ముందు బెడ్‌ని పిలిచింది. వాడి వెనకే దిండు, దుప్పటి, నిద్ర, మెలకువ అందరూ తమ ఇంగ్లీషు పేర్లతో ఒకే కుటుంబంలా దిగారు. మర్నాడు కుళాయి, సబ్బు, తువ్వాలు వాళ్ళ వంశం. దుప్పటి దులుపుతూ ఒకర్ని, బకెట్ నింపుతూ ఇంకొకర్ని పేరు పెట్టి పలకరించేది. కొత్తవాళ్ళు వచ్చారని పాతవాళ్ళని వదిలెయ్యకుండా అత్తగారు కనిపెట్టుకుని ఉండేది. "మొన్నొచ్చిన దిండుగాడు, ఆ పిల్లో, అలిగినట్టున్నాడు, కాస్త చూడు" అని గుర్తుచేసేది. ఆవిడే కూరగాయలు తరుగుతూ టవల్‌తో కబుర్లాడేది. వాళ్ళు సంచులు విప్పి, బట్టలు తాడు మీద ఆరేసుకుని, ఇంటివాళ్ళయిపోయారు.

ఇంటర్వ్యూ రోజు అత్తగారు కోడలి చేతిసంచీ తెరిచి పట్టుకుని, మా అమ్మాయికి తోడు వెళ్ళిరండని వాళ్ళందర్నీ ఎక్కించింది.

మేనేజరమ్మ గదిలో కుర్చీ మెత్తగా ఉంది. కోడలు దాని అంచున కూర్చుని చేతిసంచీ తెరిచింది. చుట్టాలు సంచీలోంచి ఒక్కొక్కరే దిగి బల్ల మీద నిలబడ్డారు. మేనేజరమ్మ కాఫీ కప్పు పక్కకు జరిపి వాళ్ళకు చోటిచ్చింది. దుప్పటి మీద మరకుందని గదిలో దిగినాయన కోప్పడితే ఏం చేస్తావని అడిగింది. కోడలు అలవాటు కొద్దీ ఎదురుగా ఉన్నవాళ్ళని పలకరించింది. సారీ. న్యూ షీట్. ఐ బ్రింగ్. వరసన పలకరిస్తే అదే జవాబైంది.

మేనేజరమ్మ తలూపి, ఇంకొకటి అడిగింది.

"వై డూ యూ వాంట్ దిస్ జాబ్?"

దీనికి కోడలు సిద్ధం కాలేదు. సబ్బు వంశం నేల చూపులు చూసింది, టవల్ పక్కకు తప్పుకున్నాడు. ఆఖరికి మంచం కుటుంబంలోంచి ఇద్దరు ముందుకొచ్చారు. ఆమె వాళ్ళనే చూస్తూ నెమ్మదిగా అంది.

"షీ గో స్కూల్, ఐ స్లీప్. ఐ కమ్ హోమ్, షీ స్లీప్. మై డాటర్." మెలకువ వైపు వేలు చూపింది. "ఐ వాంట్ సీ... వేకప్ డాటర్."

మేనేజరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. వ్యాకరణం ఇక్కడ నేర్చుకోవచ్చనీ, సోమవారం నుంచి పైఅంతస్తుకు రమ్మనీ తెలుగులోనే చెప్పింది.

సోమవారం సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి పాప గుమ్మంలో కూర్చుని ఉంది. తల్లిని చూసి కాస్త కొత్త చేసింది. ఇవాళ పని లేదా అని అడిగింది. ఉంది, అయిపోయిందని తల్లి చెప్పింది. పాప లోపలికెళ్ళి దువ్వెన తెచ్చింది.

"నువ్వెయ్యి జడ. నాయనమ్మ గట్టిగా లాగుతుంది."

అని వీపు తిప్పి తల్లి ఒళ్ళో కూర్చుని, బళ్ళో సంగతులు మొదలుపెట్టింది. తల్లి ఊఁ కొడుతూ వింది. జడ వేసింది. విప్పి మళ్ళీ వేసింది. పాప ఎందుకని అడగలేదు, చెప్పాల్సింది చాలా ఉంది.