చక్రాల్లేని నాలుగు చక్రాల బండి

నేను ఒక వ్యానును. కనీసం ప్రభుత్వం దృష్టిలో. ఇంజను పోయి, చక్రాలు పోయి, తణుకులో ఒక వీధి మలుపున సిమెంటు దిమ్మల మీద కూర్చున్న నన్ను కుక్కలు కూడా వ్యానుగా లెక్కచేయలేదు. ఎండ వేళ నా కింద పడుకునేవి, అంతే. ప్రభుత్వం మాత్రం చివరిదాకా నన్ను నాలుగు చక్రాల వాహనంగానే గౌరవించింది.

మొదట ఒక బట్టల షాపు యజమాని దగ్గర మూటలు మోశాను. ఆయన నన్ను లారీకి గుద్దించి, మిగిలిన డొక్కును ఇస్త్రీ నూకరాజుకి అమ్మాడు. రేపు ఏ గొడవొచ్చినా తన మెడకు చుట్టుకోకూడదని పట్టుబట్టి మరీ నన్ను నూకరాజు పేరుకి మార్పించాడు. నూకరాజు సంబరంగా సంతకం పెట్టి నా అద్దానికి పసుపు రాశాడు.

"బండి ఓనర్నైపోయానే!" అన్నాడు భార్యతో.

"అయితే తోలు మరి, ద్వారపూడి గుడికి పోదాం," అని నవ్వింది అచ్చాయమ్మ.

నా పక్క తలుపు పీకి, బల్ల అమర్చి, ఇస్త్రీ కొట్టు పెట్టారు. వెనక సీటు మాత్రం ముట్టుకోలేదు. మధ్యాహ్నం పూట అచ్చాయమ్మ దాని మీద నడుం వాల్చేది.

కొన్నేళ్లకు ఆవిడకు ఆయాసం పట్టుకుంది. గుండెలో కవాటం పాడైంది, మార్చాలన్నారు డాక్టర్లు. పేదల ఆరోగ్య బీమా కార్డు ఉంటే ఆపరేషన్ ఉచితం. లేకపోతే ఆపరేషనే లేదు. కార్డు కోసం వార్డు ఆఫీసుకెళ్లిన నూకరాజు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"మనకి కారుందంట. కారున్నోళ్లు పేదోళ్లు కాదంట."

"ఏ కారూ?" అంది అచ్చాయమ్మ. నూకరాజు నా వైపు చూశాడు.

ఆ మాట చెప్పిన గుమస్తా త్రినాథరావు ఒంటి మీది చొక్కా నాలోనే ఇస్త్రీ అయింది. బట్టలకు వచ్చినప్పుడల్లా ఆయన నా బానెట్‌కి ఆనుకుని నిలబడేవాడు. నాకు చక్రాలు లేవని ఆయన కళ్లకు తెలుసు. ఆఫీసులో కళ్లతో పనిలేదు, కంప్యూటరు తెర ఏం చెబితే అదే. ఆ రోజే కార్లో వచ్చిన ఒక పెద్దమనిషికి కార్డు మంజూరైందట. ఆయన కారు బామ్మర్ది పేరున ఉంది. మనుషులు పేదరికాన్ని ఇలా కొలుస్తారు!

"రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకో నూకరాజూ, నా చేతుల్లో ఏం లేదు," అన్నాడు త్రినాథరావు, మడత నలగకుండా చొక్కాలు అందుకుంటూ.

రవాణా ఆఫీసువాళ్లు బండిని తెచ్చి చూపించమన్నారు. తెలిసిన రైతు ట్రాక్టరు ఇచ్చాడు. ట్రాక్టరున్నవాడికి కార్డు ఇవ్వొచ్చట, నాలాంటి శవమున్నవాడికే కుదరదట. దాని తొట్టిలో పడుకుని ఊరేగాను. అచ్చాయమ్మ నా వెనక సీట్లో కూర్చుంది.

"ఇన్నాళ్లకి తిప్పుతున్నారండీ ఓనరుగారు!" అంది రొప్పుతూ.

ఇన్‌స్పెక్టరు బయటికొచ్చి చిరాకుపడ్డాడు. "చక్రాలేవయ్యా?"

"లేవండి బాబూ."

"నడవనిదాన్ని ఇక్కడికెందుకు మోసుకొచ్చావు?"

"తమరే తెమ్మన్నారు కదండీ!"

ఆయన, నన్ను ముక్కలు చేయించి, నంబరున్న ఇనప ముక్క తెచ్చిస్తే రద్దు చేస్తానన్నాడు. అంటే, పేదవాణ్నని నిరూపించుకోవడానికి నూకరాజు తనకున్న ఒక్క కొట్టునూ నరికించుకోవాలి. అతను నా పైకప్పు మీద చెయ్యి వేసి కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత ట్రాక్టరును పాత ఇనుము కొట్టుకు పోనిమ్మన్నాడు.

అక్కడ గ్యాసు మంట పట్టుకున్న మస్తాను ముందుగా అచ్చాయమ్మ ఆయాసం చూశాడు. ఎవరూ అడక్కుండానే నా వెనక సీటు ఊడదీసి, దుమ్ము దులిపి, నీడలో వేశాడు.

"కూకో పెద్దమ్మా. ఇది తూకానికి రాదులే, నువ్వే తీసుకెళ్లు."

అబద్ధం. ఆ సీటులో బోలెడంత ఇనుముంది. అన్ని ఆఫీసులు తిరిగాక ఒక మనిషి నోట నేను విన్న మంచిమాట ఆ అబద్ధమే.

నా నంబరు ముక్క ఇప్పుడు రవాణా ఆఫీసు బల్ల మీద ఉంది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది. మిగిలిన నేను కరిగిపోయాను, సీటు తప్ప.

నూకరాజు ఇప్పుడు అదే మలుపులో టార్పాలిన్ కింద ఇస్త్రీ చేస్తున్నాడు. వాన కురిస్తే ఆ రోజుకు పనిలేదు. కార్డు వచ్చింది, ఆపరేషనూ అయింది. అచ్చాయమ్మ నా సీటు మీద కాళ్లు చాపుకుని కూర్చుంటోంది.

మొన్న త్రినాథరావు చొక్కాల కోసం వచ్చాడు. అలవాటు కొద్దీ బానెట్ ఉండే చోట చెయ్యి ఆనించబోయి, గాలిలోకి తూలాడు. అచ్చాయమ్మ నవ్వింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అంత నవ్వినా ఆయాసం రాలేదు.